తీయించుకునే ముందు

గర్భసంచి తీసేసే ఆపరేషన్ మా ఇంట్లో కొత్త మాట కాదు. మా అమ్మకు ముప్పై రెండేళ్లకే అయింది. తెల్లబట్ట, నడుం నొప్పి అని వెళ్తే, పిల్లలు పుట్టేశారుగా అని అండాశయాలతో సహా తీసి పంపించారు. ఆ తర్వాత అమ్మ పడిన బాధ పక్కనే ఉండి చూశాను. చలికాలంలో కూడా ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి, అర్ధరాత్రి లేచి కొంగుతో మెడ తుడుచుకుంటూ వరండాలో కూర్చునేది. యాభై నిండకముందే బాత్రూంలో జారి మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నారు. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుందని, ఎముకలూ గుండే దెబ్బతినే ప్రమాదం ఉందని ఆపరేషన్‌కి ముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందుకే గుంటూరు కొత్తపేటలో ఒక నర్సింగ్ హోంలో నాకూ అదే మాట చెప్పినప్పుడు సరేననలేకపోయాను.

అప్పటికి నాకు ముప్పై ఎనిమిది. బడిలో తెలుగు చెబుతాను. నెలసరి వస్తే వారం దాటినా ఆగేది కాదు, రక్తం గడ్డలు గడ్డలుగా పోయేది. మెట్లెక్కితే ఆయాసం. ముదురు రంగు చీరలు తప్ప కట్టేదాన్ని కాదు. క్లాసులో కూర్చోవడమే మానేశాను, లేచాక పిల్లల ముందు వెనక్కి తిరిగి కుర్చీ చూసుకోవాల్సి వస్తుందని. హిమోగ్లోబిన్ 6.8 ఉంది. ఆ నర్సింగ్ హోంలో స్కానింగ్ రిపోర్టు చూసి, "గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలున్నాయి, వచ్చే వారం సంచి తీసేద్దాం. అండాశయాలు కూడా తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదు" అన్నారు. క్యాన్సర్ ఉందో లేదో చూసే బయాప్సీ లేదు, పాప్ స్మియర్ లేదు. మందులు వాడి చూద్దామన్న మాటే లేదు. ఒంట్లో రక్తం ఇంత తక్కువుంటే కోత ఎలా అని మా ఆయన అడిగితే, రెండు బాటిళ్లు ఎక్కిద్దాంలెండి అన్నారు.

ఇంటికొచ్చాక మా అత్తయ్య, "ఇంకా దాంతో ఏం పనమ్మా నీకు, పీడ వదిలించుకో" అంది. ప్రేమతోనే అంది. ఆవిడకూ తీసేశారు, ఆవిడ తోడికోడలికీ తీసేశారు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో ఈ ఆపరేషన్ అయినవాళ్లలో సగం మందికి 34 ఏళ్లకో, అంతకు ముందో అయింది. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. ప్రజారోగ్య కార్యకర్త డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్ మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. మిరప కోతలకు పోయేవాళ్లు, కోల్డ్ స్టోరేజీల్లో తొడాలు తీసేవాళ్లు కూలి పోగొట్టుకుని నెలనెలా ఆసుపత్రి చుట్టూ తిరగలేరు. ఒక్కసారి తీసేస్తే పోతుందంటే ఎందుకు నమ్మరు? వాళ్లను నేను తప్పుపట్టను. దానికంటే ముందు వేరే దారులున్నాయని చెప్పనివాళ్ల మీదే నా కోపం.

మా అక్క నన్ను విజయవాడ సూర్యారావుపేటలో తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ స్కానింగ్ కవరు పక్కన పెట్టి, ముందు నా కంటి కింది రెప్ప లాగి చూశారు. "సున్నంలా ఉందమ్మా. ముందు రక్తం పట్టనీ, మిగతాది తర్వాత మాట్లాడదాం" అన్నారు. సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. బ్లీడింగ్ తగ్గడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలిచ్చారు. బయాప్సీలో క్యాన్సర్ లేదని తేలాక గర్భసంచిలో హార్మోన్ లూప్ వేశారు. ఇది కాపర్-టీ లాంటిది కాదు. లోపలే ఉండి లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా వదులుతూ గర్భసంచి లోపలి పొరను పల్చబరుస్తుంది. ఎక్కువ బ్లీడింగ్‌తో బాధపడే 571 మంది మీద బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. మాత్రల్లాంటి మామూలు మందులు వాడినవాళ్లకంటే ఈ లూప్ వేయించుకున్నవాళ్ల రోజువారీ జీవితం రెండేళ్ల తర్వాత కూడా ఎక్కువ మెరుగ్గా ఉందని అందులో తేలింది.

నాకు మొదట కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తూ విసిగించింది. తర్వాత దాదాపు ఆగిపోయింది. హిమోగ్లోబిన్ పన్నెండు దాటింది. మళ్లీ లేత రంగు చీరలు కట్టాను.

నలభై నాలుగో ఏట కథ మారింది. గడ్డ పెరిగి మూత్రాశయాన్ని నొక్కడం మొదలుపెట్టింది. ఒక పీరియడ్ పాఠం చెప్పేలోపే బాత్రూంకి వెళ్లాల్సి వచ్చేది. ఒకరోజు లూప్ బ్లీడింగ్‌తో పాటు జారిపోయింది. గడ్డలున్నవాళ్లకు అలా జరుగుతుందట. గడ్డ ఒక్కటే తీయొచ్చని, అయితే మళ్లీ రావచ్చని, గర్భసంచి తీసేస్తే ఆ బెడద ఉండదని డాక్టరమ్మ రెండు దారులూ బొమ్మ గీసి చెప్పారు. ఈసారి ఆపరేషన్‌కి నేనే ఒప్పుకున్నాను. గడ్డ పెద్దది కావడంతో పొట్ట కోసే చేశారు. గర్భసంచితో పాటు అండం వచ్చే ట్యూబులూ తీసేశారు, దాంతో అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందని. అండాశయాలు ముట్టుకోలేదు. అవి ఉంచినా మెనోపాజ్ కొన్నేళ్లు ముందే రావచ్చని కూడా ముందే చెప్పారు.

మర్నాడు మూత్రం గొట్టం తీసేసి నడవమన్నారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకూడదంటే నడవాల్సిందే. మంచం దిగడం ఎలాగో నర్సమ్మ నేర్పింది: పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద బరువు వేసి, కాళ్లు కిందికి జార్చి, అప్పుడు లేవాలి. నేరుగా లేస్తే కుట్ల దగ్గర మంట పుట్టేది. దగ్గు వస్తే దిండు పొట్టకు అదిమి పట్టుకునేదాన్ని. ఆరు వారాలు బిందె ఎత్తొద్దన్నారు. అందరికంటే గట్టిగా కాపలా కాసింది మా అత్తయ్యే. నేను ఇడ్లీ కుక్కర్ మీద చెయ్యి వేసినా ఊరుకునేది కాదు.

ఇప్పుడు బాగున్నాను. పాఠం చెబుతున్నాను, మెట్లెక్కుతున్నాను. ఏడాదికోసారి చెకప్‌కి వెళ్తున్నాను. అమ్మ మాత్రం రోజూ కాల్షియం వేసుకుంటోంది, నడక ఆపలేదు.

పోయిన వారం తెనాలి నుంచి మా వదిన ఫోన్ చేసింది. ఆమెకు ముప్పై ఆరు. గడ్డలున్నాయి, తీసేయమంటున్నారని ఏడ్చింది. బయాప్సీ అయిందా, రక్తం ఎంతుంది, మందులేమైనా వాడారా, అండాశయాలు ఉంచుతామన్నారా అని అడిగాను. ఒక్కదానికీ ఆమె దగ్గర జవాబు లేదు. సోమవారం ఆమెను విజయవాడ తీసుకెళ్తున్నాను. స్కానింగ్ కాగితాలన్నీ పట్టుకుని రమ్మన్నాను.