ఒట్టి నడుము నొప్పి కాదు

నడుము నొప్పి అన్నారు. చివరికి తేలింది మైలోమా, ఎముక మజ్జలో పుట్టే బ్లడ్ క్యాన్సర్. అది తేలడానికి ఏడాది పట్టింది. ఆలోగా నా కిడ్నీలు దెబ్బతిన్నాయి.

మొదట చూసిన ఎముకల డాక్టరు "ఈ వయసులో ఆడవాళ్లందరికీ ఉండేదేనమ్మా" అని నొప్పి బిళ్లలు, క్యాల్షియం బిళ్లలు రాశారు. నీరసమంటే ఇంకొకరు రక్తం తక్కువుందని ఐరన్ టానిక్ ఇచ్చారు. ఒంట్లో ఏదో జబ్బుంటే పెరిగే ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష అంకె 100 దాటింది. రక్తంలో గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ బాగా ఎక్కువుందని రిపోర్టులో లావు అక్షరాల్లోనే ఉంది. నడుము ఒకరు చూశారు, రక్తం ఒకరు చూశారు. రెండూ కలిపి చూసి హెమటాలజిస్టు (రక్తం జబ్బుల డాక్టరు) దగ్గరకు పంపినవాళ్లే లేరు.

ఆ రాత్రి సంగతి నాకు సగమే గుర్తు. అప్పటికే విపరీతమైన దాహం, మలబద్ధకం, వాంతులు. అర్ధరాత్రి లేచి, ఎప్పుడో పోయిన మా అమ్మకి అన్నం పెట్టాలని వంటింట్లోకి వెళ్లానట. మా ఆయన్ని పట్టుకుని "మీరెవరండీ?" అన్నానట. ఆయన వణికిపోతూ కారు మాట్లాడి గుంటూరు తీసుకెళ్లారు. క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు నా పాత ఫైలంతా కూర్చుని చదివాడు. క్యాల్షియం పరీక్షకు పంపింది అతనే. 10.5 లోపు ఉండాల్సింది 14 దాటింది, నా మతి తప్పింది అందుకే. మైలోమా వల్ల ఎముకలు కరిగి క్యాల్షియం రక్తంలో చేరుతుంటే, నాచేత రోజూ ఇంకా క్యాల్షియం మింగించారు! నొప్పి బిళ్లలు కిడ్నీలను మరింత పాడుచేశాయి. "ఇది ఒట్టి నడుము నొప్పి కాదమ్మా, రేపే హెమటాలజిస్టుకి చూపిస్తాం" అన్నాడు. ఆ బిడ్డ చల్లగా ఉండాలి.

తర్వాత సెలైన్లు, తుంటి ఎముక నుంచి మజ్జ పరీక్ష, మైలోమాకి పొట్ట మీద బోర్టెజొమిబ్ ఇంజెక్షన్లు, కిడ్నీల వల్ల డోసు తగ్గించి లెనలిడొమైడ్ అనే మందు... అన్నీ అయ్యాయి. ఇప్పుడు జబ్బు అణిగి రెమిషన్‌లో ఉన్నాను. మళ్లీ తిరగబెట్టొచ్చనీ చెప్పారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం పూర్తిగా దిగలేదు. ఆ అంకె చూసిన ప్రతిసారీ "ఆడవాళ్లందరికీ" అన్న మాట గుర్తొచ్చి ఒళ్లు మండిపోతుంది.

నడుము నొప్పి వారాల తరబడి తగ్గకుండా, రక్తహీనత కూడా ఉంటే క్యాల్షియం, క్రియాటినిన్, సీరం ప్రోటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్ (రక్తంలో మైలోమా ప్రోటీన్ ఉందేమో చూసేది) పరీక్షలు రాయమని అడగండి. విసుక్కున్నా సరే, అడగండి.

మా ఆయన మంగళగిరి పానకాల స్వామికి మొక్కుకున్నారు. మొన్న వెళ్లి పానకం పోయించాం. గోత్రం తెలియకపోయినా, ఆ కుర్ర డాక్టరు పేరు మీద కూడా అర్చన చేయించాను.