నావూలో ఒక కొలిమి, ఒక జంట

కోడలి పురుడు కోసం ఇల్లినాయిస్‌లోని బ్లూమింగ్టన్‌కు వచ్చి మూడు నెలలైంది. పసిపాప కాస్త కుదురుకున్నాక ఒక శనివారం అబ్బాయి మా ఇద్దరినీ నావూ అనే చిన్న ఊరికి తీసుకెళ్ళాడు. మొక్కజొన్న చేల మధ్య దాదాపు మూడు గంటల దారి. ఊరు దగ్గరపడేసరికి మిసిసిపీ నది కనిపించింది. రాజమండ్రి దగ్గర గోదావరిని చూసిన కళ్ళకు కూడా అది పెద్దదే.

1839లో మార్మన్లు అనే మతశాఖవాళ్ళు ఇక్కడి చిత్తడి నేల బాగుచేసుకుని ఊరు కట్టుకున్నారు. 1844 జూన్ 27న వాళ్ళ ప్రవక్త జోసెఫ్ స్మిత్‌నీ, ఆయన అన్న హైరమ్‌నీ పక్క ఊరు కార్తేజ్ జైల్లో ఒక మూక కాల్చి చంపింది. 1846 ఫిబ్రవరి చలిలో మార్మన్లు బళ్ళు కట్టుకుని నది దాటి పడమటికి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. అప్పటి ఇళ్ళను ఇప్పుడు మళ్ళీ నిలబెట్టి ఉచితంగా చూపిస్తున్నారు. చూపించేవాళ్ళలో చాలామంది మిషనరీలుగా వచ్చిన రిటైరైన భార్యాభర్తలు. మిషనరీలంటే సైకిళ్ళ మీద తిరిగే పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళే అనుకునేదాన్ని.

వెబ్ అన్నదమ్ముల కొలిమిలో ఒక పెద్దాయన కనిపించారు. డెబ్భై దాటి ఉంటాయి. చొక్కాకు నల్ల పేరుబిళ్ళ, దాని మీద ఎల్డర్ అని. అది మగ మిషనరీల పిలుపు. భార్యను సిస్టర్ అంటారు. ఐడహోలో బంగాళాదుంపలు పండించిన రైతట. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీని పట్టకారుతో దాగలి మీద పెట్టి, నాలుగు దెబ్బలకోసారి తిప్పుతూ గుర్రపు నాడా చేసి చూపించారు. తర్వాత బండి చక్రం సంగతి చెప్పారు. ఇనుప పట్టాను కాలిస్తే సాగుతుంది, చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే బిగుసుకుని ఆకులన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. మా ఊళ్ళో చిన్నప్పుడు సరిగ్గా ఇదే చూశానని అబ్బాయి చేత చెప్పించాను. ఆయన సుత్తి పక్కన పెట్టి, మీరు నీళ్ళెలా పోసేవాళ్ళు, ఒకేసారా, కొంచెం కొంచెంగానా అని అడిగారు. ఆ చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు గోధుమగింజల్లా ఉన్నాయి. వెళ్ళేముందు నాడాకు కొట్టే మేకును వంచి చేసిన ఉంగరం ఒకటి ఇచ్చారు.

బయట చెట్టు కింద ఆయన భార్య దొరికారు. ఉదయం పూట రొట్టెల ఇంట్లో డ్యూటీ చేసి వచ్చారట. ఫ్లాస్కులో టీ ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుని మెల్లగా వద్దన్నారు. 1833లో వచ్చిన ఉపదేశం ప్రకారం వాళ్ళకు టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషిద్ధం. జంతికలిస్తే మాత్రం ఇష్టంగా తిన్నారు.

వాళ్ళ రోజు ఎలా గడుస్తుందని అడిగాను. పొద్దున్నే ఇద్దరూ గ్రంథం చదువుకుని ప్రార్థన చేసుకుంటారు. తర్వాత ఆ వారం ఏ ఇంట్లో పని వేస్తే అక్కడికి. ఒకరోజు కొవ్వొత్తులు, ఇంకోరోజు తాడు పేనడం, మరోరోజు ఇటుకల బట్టీ. సాయంత్రం నాటకం రిహార్సల్. వారంలో ఒకరోజు బట్టలుతుక్కోవడం, నది అవతల కియోకక్‌లో సరుకులు తెచ్చుకోవడం. నెలకొక ఆదివారం రెండు పూటలు తిండి మానేసి, ఆ ఖర్చు పేదలకిస్తారు. మా అమ్మ ఏకాదశి ఉపవాసం గుర్తొచ్చింది. చెప్తే ఆవిడ కళ్ళు మెరిశాయి.

జీతం లేదు. తిండి, ఖర్చులు అన్నీ సొంత డబ్బే. ఏడాదిన్నర ఉండడానికి ఒప్పుకుని వచ్చారు. పోయిన నెల మనవరాలు పుడితే ఫోన్లో చూశారట. ఫోటో తీసి చూపిస్తూ, "ఇంకా ఎత్తుకోలేదు" అన్నారు. గొంతు కాస్త తడబడింది. నాకేం అనాలో తోచలేదు. మనవరాలు పుడుతోందంటే నేను సముద్రాలు దాటి వచ్చినదాన్ని కదా. నాలో చిన్న కలవరం మొదలైంది. ఆవిడకు మనవరాలి మీద ప్రేమ తక్కువని అనలేను. ఆ ఫోటో పట్టుకున్న తీరు చూశాను.

మరి ఎందుకు వచ్చారు అన్నాను. "మా ముత్తవ్వ తల్లి ఈ వీధిలోంచే బండెక్కి వెళ్ళింది" అని పార్లీ వీధి వైపు చూపించారు. అది నేరుగా నదిలోకి దిగే దారి. పక్కన అప్పటివాళ్ళ డైరీల మాటలు బోర్డుల మీద రాసిపెట్టారు. ముగ్గురం ఒడ్డు దాకా నడిచాం. 1848లో తగలబెట్టిన వాళ్ళ గుడిని మళ్ళీ కట్టి 2002లో ప్రతిష్ఠించారు. గుట్ట మీద తెల్లగా కనిపిస్తోంది. మనలాంటి బయటివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. వాళ్ళ నమ్మకాలన్నీ నాకు ఒప్పుదల కావు, కానీ ఆ ఇద్దరి పనితనం మీద గౌరవం కలిగింది.

తిరిగి వచ్చేటప్పుడు మావారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ముప్ఫై ఒక్కేళ్ళు లెక్కలు చెప్పారు. పియోరియా దాటాక, "మన ఊరి బళ్ళో లెక్కల మాస్టారు లేక రెండేళ్ళయిందన్నారు కదూ" అన్నారు. అవునన్నాను. "అక్కడ గది అద్దె ఎంతుంటుందో?" అన్నారు.