పూల్ క్యూ కొనేవాళ్లకు: మన డెల్టా గాలికి నిలిచే కర్ర

వానాకాలం రాగానే వంటింట్లో ఉప్పు నీరు కారుతుంది, తలుపు చట్రంలో బిగుసుకుపోతుంది. అదే గాలి పూల్ ఆటలో బల్ల మీది బంతుల్ని కొట్టే కర్రనీ, అంటే క్యూనీ వదలదు. భీమవరం, అమలాపురం, పాలకొల్లు వైపు క్యూ కొనేవాళ్లు రంగూ డిజైనూ చూసే ముందు, ఆ కర్ర తేమకు ఎంత నిలుస్తుందో చూడాలి.

అసలు ఆడేది పూలా, స్నూకరా అన్నది ముందే తేల్చుకోండి. రెండు బల్లలూ ఉన్న క్లబ్బుల్లో ఒకే స్టిక్‌తో రెండూ కానిచ్చేద్దాం అనిపిస్తుంది. పూల్ బంతి వ్యాసం 57 మి.మీ., స్నూకర్ బంతి 52.5 మి.మీ., బరువు కూడా తక్కువే. అందుకే స్నూకర్ క్యూ టిప్పు (బంతికి తగిలే తోలు కొస) 9 నుంచి 10 మి.మీ. ఉంటే, పూల్ క్యూది 12 నుంచి 13 దాకా ఉంటుంది. సన్న టిప్పుతో పూల్ బ్రేకులు (ఆట మొదట్లో బంతుల గుంపును చెదరగొట్టే దెబ్బలు) గట్టిగా కొడుతూ పోతే టిప్పు త్వరగా అణిగిపోతుంది, టిప్పు కింది ఇత్తడి తొడుగు, అంటే ఫెరూల్, వదులవుతుంది. లావు టిప్పుతో చిన్న బంతికి సైడ్ (పక్కన కొట్టి తిప్పే స్పిన్) పెట్టబోతే సరిగ్గా ఎక్కడ తగులుతోందో కంటికి అందదు. ఏది ఎక్కువ ఆడతారో దానికే కొనండి.

పూల్ షాఫ్టుకి, అంటే క్యూలో టిప్పు ఉండే ముందు సగానికి, మంచిది గట్టి మేపుల్ కర్ర. చవక క్యూల్లో రామిన్ అనే కర్ర వస్తుంటుంది. కర్ర పేరు తెలుసుకున్నాక దాని చారలు చూడండి. షాఫ్టుని వెలుగులో తిప్పితే చారలు టిప్పు నుంచి జాయింటు (క్యూ రెండు సగాలూ కలిసే చోటు) దాకా నిలువుగా సాగాలి. మధ్యలో ఏటవాలుగా పక్కకి జారిపోతుంటే ఆ క్యూ వద్దు. అలాంటి కర్ర తేమ పీల్చినప్పుడు అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. వంకర మొదలయ్యేది అక్కడే. కార్బన్ ఫైబర్ షాఫ్టుకి ఈ బాధ లేదు గానీ ధర బాగా ఎక్కువ. వారానికి నాలుగైదు రోజులు ఆడేవాళ్లకు, ముఖ్యంగా ఈ ప్రాంతంలో, ఆ డబ్బు దండగ కాదు.

వంకర చూడటానికి అందరూ క్యూని బల్ల మీద దొర్లిస్తారు. అది సగం పరీక్షే. బల్ల గుడ్డ మీద దుమ్మున్నా, చాక్ (టిప్పుకి రాసే సుద్ద) ముక్క అడ్డం వచ్చినా మంచి క్యూ కూడా ఊగుతుంది. ముందు షాఫ్టునీ, బట్‌నీ (చేత్తో పట్టుకునే వెనక సగం) విడివిడిగా దొర్లించి, తర్వాత బిగించి దొర్లించండి. విడిగా రెండూ తిన్నగా ఉండి, కలిపితే ఊగుతోందంటే తప్పు జాయింటుది. ఆ క్యూని ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి. ఆ తర్వాత వడ్రంగి బద్దను చూసినట్టు, ఒక కన్ను మూసి బట్ వైపు నుంచి టిప్పు దాకా చూడండి. నెమ్మదిగా తిప్పుతుంటే వంపు ఏదో ఒకచోట బయటపడుతుంది. జాయింటు దగ్గర గోరు ఆనించి గీస్తే మెట్టు తగలకూడదు. బట్ అడుగున ఉన్న రబ్బరును నేలకు మెల్లగా తాటించినప్పుడు గలగల వినిపిస్తే లోపల ఏదో వదులుగా ఉందన్నమాట.

జాయింటు మర (రెండు సగాల్నీ బిగించే స్క్రూ) కొలత రాసిపెట్టుకోండి. 5/16 అంగుళం మందంలో అంగుళానికి 18 చుట్లవీ 14 చుట్లవీ ఉన్నాయి, 3/8 అంగుళంలో 10 చుట్లదీ ఉంది. రేపు షాఫ్టు ఒక్కటే మార్చాలంటే ఈ కొలత కలవాల్సిందే. మరమ్మతు చేసేవాళ్లు దగ్గర్లో లేని ఊళ్లో అందరూ వాడే మర ఉన్న క్యూయే నయం.

బరువు గురించి ఎక్కువ మథనపడక్కర్లేదు. మొదటి క్యూకి 19 ఔన్సులు, అంటే దాదాపు 540 గ్రాములు, చాలు. పొడవు మామూలుగా 58 అంగుళాలు.

టిప్పు మాత్రం పట్టించుకోవాల్సిన భాగం. చవక క్యూతో వచ్చే టిప్పు చాలాసార్లు చదునుగా, గాజులా మెరుస్తూ ఉంటుంది. దానికి చాక్ పట్టదు, కాస్త పక్కన కొట్టగానే జారిపోతుంది. పొరలు పొరలుగా అతికించిన మీడియం తోలు టిప్పు వేయించండి. దాని గుండ్రన ఎంత ఉండాలంటే, ఇప్పటి రూపాయి బిళ్ల అంచును టిప్పు పక్కన పెడితే రెండు వంపులూ దాదాపు కలవాలి.

బట్ మీద నగిషీ చూసి మురిసిపోకండి. గోరుతో తడిమితే స్టిక్కరో, చెక్కలో పొదిగిందో చాలావరకు తెలిసిపోతుంది. స్టిక్కరుకి అదనంగా డబ్బు ఇవ్వొద్దు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువు ముందే చదవండి, పెట్టె విప్పుతూ వీడియో తీయండి, పైన చెప్పిన పరీక్షలన్నీ ఆ రోజే చేయండి.

కొన్నాక అసలు శత్రువు చెమట. అరచేతి చెమటా చాక్ పొడీ కలిసి షాఫ్టు మీద జిగురులా పట్టేస్తాయి. టాల్కం పౌడర్ రాస్తే కాసేపు జారుతుంది, తర్వాత అదీ ముద్ద కడుతుంది, బల్ల గుడ్డా పాడవుతుంది. దానికి బదులు మూడు వేళ్ల గ్లవ్ వేసుకోండి. ఆట అవగానే పొడి మెత్తని గుడ్డతో గట్టిగా తుడవండి. జిగురు వదలకపోతే గుడ్డను నీళ్లలో ముంచి గట్టిగా పిండి ఒక్కసారి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరేలా రుద్దండి. ఉప్పుకాగితం జోలికి వెళ్లొద్దు. ప్రతి రుద్దుడుకీ షాఫ్టు సన్నబడుతుంది, పోయిన మందం తిరిగి రాదు.

క్యూని గోడకి చేరేసి ఉంచితే దాని బరువుకి అదే వంగే ప్రమాదం ఉంది. వానకి తడిసే బయటి గోడ పక్కనా, రేకుల కింద అటక మీదా, ఎండలో నిలబెట్టిన కారులోనూ పెట్టొద్దు. గట్టి కేసులో, షాఫ్టుకీ బట్‌కీ వేరు వేరు గొట్టాలున్నది తీసుకుని, జాయింటు రెండు కొసలకీ మూతలు బిగించండి. కర్ర కొసలనుంచే తేమ ఎక్కువ పీలుస్తుంది. కేసులో సిలికా జెల్ పొట్లాలు వేయొచ్చు గానీ, మన దగ్గర ఆషాఢ శ్రావణాల్లో అవి త్వరగా నిండిపోతాయి. వాటిని గమనిస్తూ మార్చుకుంటూ ఉండాలి.