పార్థినాన్ ప్రాజెక్టు, పక్కనే అమరావతి

ఇంగ్లండు జాతీయ పాఠ్యప్రణాళికలో ఏడు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు ప్రాచీన గ్రీసు పాఠం ఉంది. దాని వెంటే చాలా ఇళ్ళకు గ్రీకు గుడి నమూనా చేసే పని కూడా వస్తుంది. దాన్ని స్కూలు పని అని పక్కనపెట్టి, మన సంస్కృతి నేర్పడానికి ఆదివారం ఇంకో క్లాసు వెతుక్కునే తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఆ రెండింటినీ విడదీయనక్కర్లేదు. ఏథెన్స్‌లోని ప్రాచీన గ్రీకు గుడి పార్థినాన్ శిల్పాలూ మన అమరావతి స్తూపం శిల్పాలూ లండన్‌లో ఒకే భవనంలో, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ముందు నమూనా సంగతి. అసలు గుడిలో 200వ వంతు కొలత తీసుకుంటే భోజనాల బల్ల మీద సరిపోతుంది. పీఠం 15.5 సెం.మీ. వెడల్పు, 34.8 సెం.మీ. పొడవు. స్తంభం తలతో కలిపి 5.2 సెం.మీ. ఎత్తు, అడుగున మందం 9.5 మి.మీ., పైకి వెళ్ళేకొద్దీ 7.5 మి.మీ.కి సన్నబడుతుంది. 10 మి.మీ. గుండ్రటి చెక్క కడ్డీ కోసి గరుకు కాగితంతో రుద్దితే పని జరుగుతుంది.

మొదటి తప్పు లెక్కలో వస్తుంది. స్తంభాలు ముందూ వెనకా ఎనిమిదేసి, పక్కల పదిహేడేసి అనగానే పిల్లలు 50 కడ్డీలు కోసేస్తారు. మూల స్తంభాలు రెండు వరసల్లోనూ లెక్కకొస్తాయి కాబట్టి కావలసినవి 46.

రెండో తప్పు ఎడంలో. స్తంభాలన్నీ సమదూరంలో అతికిస్తే పైవరస ఎంతకీ కుదరదు. ఆ వరసలో మూడు నిలువు గీతల పలక, అంటే ట్రైగ్లిఫ్, ప్రతి స్తంభం మీదా ఒకటి, రెండు స్తంభాల నడుమ ఒకటి రావాలి. మూల దగ్గర మాత్రం ఆ పలక స్తంభం నడిమధ్యన కాకుండా అంచుకు జరిగి ఉండాలి. అందుకే గ్రీకులు మూల స్తంభాన్ని లోపలికి జరిపారు. మీ నమూనాలో మధ్య స్తంభాల కేంద్రాల నడుమ 2.15 సెం.మీ., మూల దగ్గర 1.84 సెం.మీ. పెట్టండి. ట్రైగ్లిఫ్‌ల నడుమ శిల్పాల పలకలు ముందూ వెనకా పద్నాలుగేసి, పక్కల ముప్పై రెండేసి, మొత్తం 92 రావాలి. తేడా వస్తే ఎడం తప్పిందని అర్థం.

అసలు గుడిలో పీఠం నడుమ కొద్దిగా ఉబ్బి ఉంటుంది: పొడుగు వైపు సుమారు 11 సెం.మీ. ఈ కొలతలో అది అర మిల్లీమీటరు, కాబట్టి వదిలెయ్యండి, మాటల్లో చెబితే చాలు. రంగు మాత్రం వదలకండి. గుడి అంతా తెల్లగా ఉండేదనుకోవడం పొరపాటు; అక్కడి ఐరిస్ దేవత విగ్రహం నడికట్టు మీద ఈజిప్షియన్ నీలం అనే రంగు ఆనవాళ్ళు 2009లో పరారుణ కాంతి పరీక్షలో బయటపడ్డాయి. ట్రైగ్లిఫ్‌లకు నీలం వేయించండి.

మ్యూజియానికి వెళ్ళినప్పుడు అమరావతిని ముందు చూపించాలి. అలసిపోయాక చూసేదానిగా మన శిల్పాన్ని మిగిల్చడం అన్యాయం. ఉత్తరం వైపు, మాంటేగ్ ప్లేస్ ద్వారం నుంచి వెళ్తే 33ఏ గది దగ్గర. ఆ గది తెరిచి ఉంటుందో లేదో ముందే చూసుకోండి. అక్కడ పల్నాడు సున్నపురాయి పలక ఒకటి రెండు వైపులా చెక్కి ఉంటుంది. ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దంలో చెక్కిన బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం. బుద్ధుడి రూపం ఉండదు. తర్వాత అదే రాయిని తిప్పి, క్రీ.శ. 3వ శతాబ్దంలో రెండో వైపు స్తూపాన్నే చెక్కారు. కూలిపోయిన స్తూపం ఎలా ఉండేదో తెలియడానికి ఇలాంటి పలకలే ఆధారం. ద్వారం దగ్గరి సింహాలు ఎక్కడున్నాయో, ఒక్కో దిక్కున ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీద ఐదేసి నిలబెట్టే ఆయక స్తంభాలు ఎక్కడున్నాయో పిల్లల చేతే వెతికించండి. అమరావతి శిల్పుల పూర్ణఘటం ఈనాటి ఆంధ్రప్రదేశ్ చిహ్నంలో ఉందని అక్కడే చెప్పొచ్చు.

తర్వాత పార్థినాన్ శిల్పాలున్న 18వ గది. 160 మీటర్ల ఊరేగింపు శిల్పాల పట్టీలో సగానికి కాస్త తక్కువ ఇక్కడ ఉంది. పిల్లలు తికమకపడేది ఇక్కడే: ఆ పట్టీ గుడిలో గోడకు బయటివైపు చుట్టూ ఉండేది, గదిలో మాత్రం లోపలికి తిరిగి ఉంది. ఉత్తరం వైపు గుర్రాలు మనకు ఎడమకు పోతాయి, దక్షిణం వైపువి కుడికి. ప్రదక్షిణ తెలిసిన పిల్లలకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఉత్తరపు వరస ప్రదక్షిణ దిశలో, దక్షిణపుది అపసవ్యంగా నడిచి రెండూ తూర్పున కలుస్తాయి. అమరావతిలో భక్తుడు ప్రాకారం లోపల నడుస్తుంటే శిల్పం చేతికందే దూరంలో ఉండేది. పార్థినాన్ పట్టీ 12 మీటర్ల ఎత్తున, స్తంభాల నీడలో ఉండేది. కింద నుంచి కనబడాలనే పైభాగాన్ని ఎక్కువ లోతుగా చెక్కారు.

ఇవి ఇక్కడికెలా వచ్చాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు. రెండు కథలూ ఒకే స్వరంతో చెప్పండి. బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు 1801 నుంచి ఏథెన్స్‌లో శిల్పాలు తీయించారు. 1816లో బ్రిటిష్ పార్లమెంటు కొన్నది. అమరావతిలో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించాడు; రాళ్ళు మద్రాసు చేరి, 1859లో లండన్‌కు ఓడెక్కి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. గ్రీసు తన శిల్పాల్ని తిరిగి అడుగుతోంది. ఏథెన్స్‌లో 2009లో తెరిచిన అక్రొపోలిస్ మ్యూజియంలో లండన్‌లో ఉన్నవాటి చోట ప్లాస్టర్ నకళ్ళు పెట్టారు.

సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియం చూపిస్తే అమరావతి శిల్పాల్లో మరో పెద్ద భాగం కనిపిస్తుంది. కృష్ణ ఒడ్డున అసలు చోట ఇప్పుడు మిగిలింది తక్కువ ఎత్తు దిబ్బే. లండన్‌లో తీసిన ఆ పలక ఫొటో చేతిలో ఉంటేనే పిల్లలకు అక్కడ ఏముండేదో తెలుస్తుంది.