బ్యాక్‌లాగ్‌లతో ఐఐటీ ఎంఎస్ సీటు: సప్లీలు రాసిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ

ఐఐటీలో ఎంఎస్ రీసెర్చ్ సీటు వచ్చింది, అంటే థీసిస్ రాసే పీజీ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) బ్రాంచిలో. ఆఫర్ లెటర్ చూసిన సంతోషం ఇంకా తగ్గలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. ర్యాంకర్ల అనుభవాలు నేనూ బోలెడు చదివాను. బీటెక్‌లో తొమ్మిది పాయింట్లు, రెండో ఏడాది నుంచే కోచింగ్, అన్నీ అలాంటివే. సిగ్నల్స్ పోయి, మూడో మ్యాథ్స్ పేపర్ ఎం3 పోయి, ఫెయిలైన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లీ పరీక్షకు ఫీజు లైన్లో నిలబడినవాళ్లు రాసింది మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఇది వాళ్ల కోసం.

అందరూ అడిగేది ఒకటే: "అన్నా, బ్యాక్‌లాగ్‌లుంటే ఐఐటీ ఆశ వదులుకోవాల్సిందేనా?" వదులుకోనక్కర్లేదు. ఎంటెక్, ఎంఎస్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షకు బీటెక్‌లో ఇన్ని మార్కులుండాలన్న నిబంధనే లేదు, మూడో ఏడాది నుంచే రాయొచ్చు. అసలు అడ్డంకి అడ్మిషన్ దగ్గర ఉంటుంది. ఎన్ఐటీల్లో సీట్లిచ్చే సీసీఎంటీలో అయితే 6.5 సీజీపీఏ లేదా 60 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 6.0 లేదా 55 శాతం. ఐఐటీల్లోనూ చాలాచోట్ల ఇంచుమించు ఇంతే, కాకపోతే ఏ సంస్థకు ఆ సంస్థ బ్రోచర్ చూసుకోవాలి. అందుకే చెబుతున్నాను, సప్లీని గట్టెక్కడానికి రాయకండి, గ్రేడు కోసం రాయండి. 6.4 దగ్గర ఆగిపోయి, మంచి గేట్ స్కోరు చేతిలో పెట్టుకుని కూర్చున్న సీనియర్లు నాకు తెలుసు. అత్తెసరు మార్కులతో బయటపడిన ఒక్క సప్లీ అక్కడ దెబ్బ కొడుతుంది.

ఇంకోటి. ఐఐటీల ఉమ్మడి ఆఫర్ పోర్టల్ సీఓఏపీ ద్వారా ఇచ్చే ఎంటెక్ ఆఫర్లలో ఎక్కువ వాటికి గేట్ స్కోరే ఆధారం. కనీస పర్సంటేజీ ఉంటే చాలు, ఏ సబ్జెక్టు ఎన్నిసార్లు రాశావని అడిగేవాళ్లుండరు. ఎంఎస్ అలా కాదు, ఇంటర్వ్యూ ఉంటుంది. మార్కుల మెమోలు టేబుల్ మీద ఉంటాయి. మెమో మీద పరీక్ష నెల, సంవత్సరం ఉంటాయి కాబట్టి ఏది రెగ్యులర్, ఏది సప్లీ అన్నది ప్రొఫెసర్లకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. నాకు రీసెర్చే కావాలి. సిగ్నల్ ప్రాసెసింగ్‌లోనే కావాలి. నా మెమోలో పోయిన సబ్జెక్టూ అదే.

ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. ఆ సెమిస్టర్ మధ్యలో మా సారు కాలేజీ మానేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు నోట్స్ డిక్టేట్ చేసి వెళ్లిపోయారు. ఫోరియర్ సిరీస్ నుంచి ట్రాన్స్‌ఫామ్‌కి ఎలా వెళ్లామో క్లాసులో ఒక్కరికీ తెలియదు, సగం క్లాసు ఫెయిలైంది. సాకు అనుకునేవాళ్లు అనుకోనివ్వండి, జరిగింది ఇది.

మొదటి ఇంటర్వ్యూలో ఇదంతా వివరంగా చెప్పాను. ప్యానెల్లో పెద్దాయన అడ్డు చెప్పకుండా మొత్తం విన్నారు. విని, "సరే, అందులోనే ఒకటి అడుగుతా" అంటూ నన్ను బోర్డు దగ్గరకు పిలిచారు. రెండు రెక్టాంగ్యులర్ పల్సులు, ఒకదాని వెడల్పు 1, ఇంకోదాని వెడల్పు 3. కన్వల్యూషన్ గీయమన్నారు, అంటే ఒకదాన్ని తిప్పి రెండోదాని మీదుగా జరుపుతూ, రెండూ కలిసిన ఏరియా ఎలా మారుతుందో గీయడం. త్రిభుజం గీశాను. "పైన ఆ మొన ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు. వెడల్పులు సమానమైతేనే త్రిభుజం వస్తుంది. ఇక్కడ చిన్న పల్సు పూర్తిగా పెద్దదాని లోపలే జరుగుతున్నంతసేపూ ఏరియా మారదు, కాబట్టి పైన 2 వెడల్పుతో చదునుగా ఉండే ట్రెపీజియం రావాలి, కింద 4. ఈ రెండు ముక్కలు ఆ రోజు నోట్లోంచి రాలేదు. సెలెక్ట్ కాలేదు.

నేను చెప్పిన కారణంలో అబద్ధం లేదు. కానీ వాళ్లు తేల్చుకోవాల్సింది వేరే: ఈ అబ్బాయి రేపు సిగ్నల్ ప్రాసెసింగ్‌లో థీసిస్ రాయగలడా లేదా? దానికి మా కాలేజీ కథ జవాబు కాదు.

ఇంట్లో మళ్లీ గేట్ రాయమన్నారు. నేను రాయలేదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, నా స్కోరు ఇంటర్వ్యూ పిలుపుకి సరిపోయిందని అప్పటికే తేలింది. ఆ ఏడాదంతా పోయిన సబ్జెక్టులకే ఇచ్చాను, సిగ్నల్స్‌కి మరీ ఎక్కువ. పద్ధతి ఏమంత గొప్పది కాదు. ఫార్ములా చూడకుండా చేత్తో గీయడం. ఒక సిగ్నల్‌ని తిప్పి, జరిపి, రెండూ ఎక్కడ తగులుతున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో ప్రతి దశకీ విడిగా బొమ్మ వేయడం. లిమిట్లు బొమ్మలోంచే రావాలి, గైడులోంచి కాదు. గీశాక నన్ను నేనే అడిగేవాణ్ని: వెడల్పు మారిస్తే? ఒకటి నెగెటివ్ అయితే? మొదట్లో ఒక్క లెక్కకే పూటంతా పట్టేది. ఎం3కీ ఇదే వరస.

ఈసారి ఇంటర్వ్యూలోనూ మెమో తిప్పి అదే అడిగారు: "ఈ సబ్జెక్టులో ఫెయిలయ్యావే?" ఒక్క వాక్యంలో చెప్పాను: "అవును సార్, సప్లీలో పాసై, తర్వాత మొదటి నుంచీ మళ్లీ చదివాను, అందులోనే అడగండి."

అడిగారు. ఒక సైన్ వేవ్‌ని దాని ఫ్రీక్వెన్సీకి సరిగ్గా రెండు రెట్ల రేటుతో, సున్నా సమయం నుంచి శాంపిల్ చేస్తే, అంటే సమాన విరామాల్లో విలువలు తీసుకుంటే, ఏమొస్తుంది? అన్నీ సున్నాలే సార్, ప్రతి శాంపిలూ వేవ్ సున్నా దాటే చోటే పడుతుంది అన్నాను. "కొసైన్ అయితే?" ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి మారిమారి వస్తాయి. "మరి కొసైన్‌ని తిరిగి రాబట్టగలం కదా?" ఇక్కడ తొందరపడలేదు. బోర్డు మీద ఫేజ్ కలిపి రాశాను. శాంపిళ్లలో ఆంప్లిట్యూడ్, ఫేజ్ కొసైన్ రెండూ ఒకే లబ్ధంగానే కనిపిస్తాయి, విడదీయలేం. అందుకే రేటు రెండు రెట్లకు సమానమైతే చాలదు, మించి ఉండాలి అని చెప్పాను. పెద్దాయన పక్కనున్న మేడం వైపు చూసి తలూపారు. ఆ తర్వాత అడిగినవన్నీ ప్రాజెక్టు మీదే.

అదే స్కోరు, అవే మెమోలు, అదే సప్లీ. బోర్డు మీద రాసింది మాత్రమే మారింది.

గేట్ ప్రిపరేషన్ గురించి కొత్తగా చెప్పేది తక్కువ. గేట్ ఈసీ పేపర్లో ఆప్టిట్యూడ్ 15, ఇంజనీరింగ్ మ్యాథ్స్ 13, కలిపి 28 మార్కులు. కోర్ బలహీనంగా ఉన్నవాళ్లు వీటిని అస్సలు వదలొద్దు. ఎన్‌ఏటీ (జవాబు సంఖ్యగా టైప్ చేసేవి), ఎంఎస్‌క్యూ (ఒకటి లేదా ఎక్కువ సరైన ఆప్షన్లుండేవి) ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఖాళీగా వదిలేయకండి. పాత పేపర్లు, టెస్ట్ సిరీస్, వర్చువల్ కాలిక్యులేటర్ అలవాటు, ఇవన్నీ మీకు తెలిసినవే.

తెలిసినా చేయనిది ఒకటుంది. పోయిన సబ్జెక్టు పుస్తకాన్ని మనం అన్నిటికంటే దూరంగా పెడతాం. దాన్ని చూస్తే అవమానం గుర్తొస్తుంది, అందుకే బాగా వచ్చిన డిజిటల్ సబ్జెక్టే మళ్లీ మళ్లీ చదివి రోజు బాగా గడిచిందనుకుంటాం. అలా గడపకండి. పొద్దున లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే, ఆ పుస్తకమే తెరవండి. రోజూ. మూడ్ లేని రోజు కూడా. నలుగురూ సినిమాకి వెళ్తున్న రోజు కూడా. చుట్టాలు "ఇంకా సప్లీలేనా" అంటే వాళ్లకి జవాబివ్వడానికి మీ పూట ఖర్చుపెట్టకండి.

ఇంకా బ్యాక్‌లాగ్‌లు మిగిలే ఉన్నవాళ్లూ దరఖాస్తు మానొద్దు. సంస్థ చెప్పిన గడువులోగా డిగ్రీ పూర్తయినట్టు కాగితం చూపించాలి, అది మాత్రం తప్పదు. సప్లీ ఫలితాలు ఎప్పుడొస్తాయో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఎప్పుడు చేతికిస్తారో కాలేజీలో ఇప్పుడే కనుక్కోండి. సెమిస్టర్ మెమోలన్నీ వరసగా ఒక ఫైల్లో పెట్టుకోండి, ఫెయిలైనవి కూడా. ఏ సబ్జెక్టు పోయిందో, ఎంటెక్ కావాలో ఎంఎస్ కావాలో రాసి అడగండి. తెలిసినంతవరకు అందరికీ జవాబిస్తాను.