రోలు పగులు కూడా దించేశారు: నా బొమ్మ కోసం ఎనిమిది నెలలు

శ్రీకాళహస్తిలో కలంకారీ పని నేర్చుకుని పన్నెండేళ్లుగా దుపట్టాలు, చేతిసంచులు వేసి అమ్ముతున్నాను. పోయిన వేసవిలో ఒక కస్టమర్ ఫోన్‌లో ఫొటో పంపింది. "అక్కా, ఇది మీదే కదా, 399కే ఇస్తున్నారు!" చూస్తే నా జీవవృక్షం దుపట్టానే. కాకపోతే కలంతో వేసింది కాదు, పాలిస్టర్ మీద డిజిటల్ ప్రింట్. కరక్కాయ, గేదెపాలలో బట్ట నానబెట్టడం దగ్గర్నుంచి చివరి ఉతుకు దాకా నాకు పద్దెనిమిది రోజులు పట్టే పని అది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వెంటనే కేసు వేయాలనిపించింది. మా వీధిలో పెరిగి తిరుపతిలో లాయరుగా ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్లాను. "అక్కా, ఈ చెట్టు నువ్వు పుట్టించిందేనా?" అని అడిగింది. కాదు. మా గురువుగారు వేశారు, ఆయన కంటే ముందువాళ్లూ వేశారు. "అయితే ఇందులో నీది ఏదో చూపించు" అంది.

ఇంటికొచ్చి బట్ట పరుచుకుని కూర్చున్నాను. నెమళ్లు, తామరలు, అంచు లతలు అన్నీ పాతవే. చెట్టు మొదట్లో ఉన్న మా అమ్మమ్మ పెరటి రోలు, దాని చుట్టూ కోడి, పదకొండు పిల్లలు, కొమ్మకు కట్టిన చీర ఉయ్యాల మాత్రం నేను ఊహించి వేసినవి. ప్రింటు వేసినవాళ్లు రోలు అంచున ఉన్న పగులు కూడా అలాగే దించారు. అది చూపించగానే లాయరమ్మాయి ముఖం వెలిగింది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణం నుంచే హక్కు మనదట. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ కోర్టులో అది తొలి సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ హక్కు గీసినవాళ్లు బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. చింతబొగ్గుతో గీసిన నా మొదటి చిత్తు ఫొటో తేదీతో సహా ఫోన్‌లో ఉండటం నా అదృష్టం. కాపీరైట్ రిజిస్ట్రేషన్ కోసం ఫారం 14 నింపాం. మామూలు చిత్రానికి రుసుము 500, సరుకుల మీద వాడేదైతే 2000. రెండోదానికి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ ఇచ్చే సర్టిఫికెట్ కూడా కావాలి. అది తెలియక నేను 500 కట్టాను. అభ్యంతరాల కోసం ఆగే 30 రోజులు అయ్యాక ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, అంతా సరిచేసి మళ్లీ పంపాల్సి వచ్చింది.

అన్నిటికంటే కష్టంగా అర్థమైంది కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 15. డిజైన్‌గా రిజిస్టర్ చేయదగ్గ బొమ్మను రిజిస్టర్ చేయకుండా, మనమే గానీ మన అనుమతితో ఇంకొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి వస్తువుల మీద వేస్తే దానిమీద కాపీరైట్ పోతుంది. దొంగతనంగా వేసినవి ఈ లెక్కలోకి రావు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేద్దామన్నా బొమ్మ బయటికి రాకముందే చేయాలి, నాది అప్పటికే అమ్ముడుపోయింది. అదే బొమ్మను స్క్రీన్ ప్రింటింగ్‌కి ఇచ్చి రెండొందల సంచులు వేయిద్దామని అనుకుంటూ ఉన్నాను. ఆ ఆలోచన అక్కడే మానుకున్నాను.

రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఆగకుండా ఆ అమ్మకాల సైట్‌కి ఫిర్యాదు పంపాం. కాపీరైట్ నిబంధనల్లో 75వ దాని ప్రకారం సైట్ వాళ్లు 36 గంటల్లో ఆ సరుకును కనిపించకుండా చేయాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానని నేను రాసివ్వాలి, తేకపోతే అది మళ్లీ పెట్టుకోవచ్చు. అమ్మేవాళ్లు వేరే రాష్ట్రంలో ఉన్నా నేనుండే చోటే దావా వేయవచ్చని తెలిశాక టెన్షన్ సగం తగ్గింది. దావా కాగితాలు తయారవుతుండగా తొమ్మిదో రోజున వాళ్లే సరుకు వెనక్కి తీసుకున్నట్టు రాసిచ్చారు.

ఇదంతా చదువుతున్నప్పుడు నా తప్పు కూడా కనిపించింది. పిల్లల సంచుల మీద కార్టూన్ బొమ్మలు వేసి అమ్మేదాన్ని. చేత్తో వేసినంత మాత్రాన అవి నావి కావు. మానేశాను. రవివర్మ చిత్రాల సంగతి వేరు, ఆయన పోయింది 1906లో, ఆ 60 ఏళ్ల గడువు ఎప్పుడో దాటింది.

రిజిస్ట్రేషన్ కాగితం ఎనిమిదో నెలలో వచ్చింది. ఆ వారమే ఇంకో పేరుతో అదే దుపట్టా మళ్లీ కనిపించింది, రోలు పగులుతో సహా. రెండో ఫిర్యాదుకు ఈసారి ఆ కాగితం జతచేశాను.