క్లిప్పుల ఖరీదు పిల్లకు చెప్పాలా?

అమెరికాలో పిల్లల పళ్ళకు మామూలు మెటల్ క్లిప్పులు పెట్టించినా మూడు వేల నుంచి ఏడు వేల డాలర్ల దాకా అవుతుంది. మా అమ్మాయికి 6,200 అన్నారు. మేముండే డాలస్ శివార్లలో అదేమంత వింత రేటు కాదు. అయినా అంకె కనపడగానే మన బుర్ర రూపాయల్లోకి వెళ్ళిపోతుంది, "ఐదు లక్షల పైమాటే!" అని నోరు జారేస్తాం. పక్కనే పిల్ల వింటూ ఉంటుంది.

పళ్ళ డాక్టరు దగ్గర ఎక్స్‌రేలు, ఫొటోలు అయ్యాక, అక్కడ ఫీజు సంగతులు చూసే ఆవిడ నన్నొక్కదాన్నే పక్కగదిలోకి రమ్మంది. పిల్లల ముందు డబ్బు మాటలెత్తడం ఇక్కడ చాలామందికి ఇష్టముండదు. మన ఇళ్ళలో స్కూలు ఫీజు నుంచి అక్క పెళ్ళి ఖర్చు దాకా పిల్లల చెవిన పడనిది ఉండదు. పైగా "నీకోసం ఇంత పోస్తున్నాం" అన్న దెప్పు ఒకటి. నాకు ఈ రెండూ నచ్చవు. పన్నెండేళ్ళ పిల్లకు తన నోట్లో పెట్టేదాని ఖరీదు తెలియాలి, కానీ అది తను తీర్చాల్సిన బాకీ అనిపించకూడదు. అందుకే దాన్నీ లోపలికి తీసుకెళ్ళాను. ఆవిడ కొంచెం ఆశ్చర్యపోయింది గానీ ఇంకో కుర్చీ లాగింది.

ఆవిడ చేతికిచ్చిన ఖర్చుల కాగితంలో చూడాల్సింది కింద ఉన్న మొత్తం ఒక్కటే కాదు. ఆ 6,200లో ఏం కలిసిందో అడగాలి. మాకు ఎక్స్‌రేలు, నెలనెలా బిగింపులు, క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టుకోమని ఇచ్చే మొదటి రిటైనర్లు అన్నీ అందులోనే. పన్ను పీకాల్సొస్తే అది వేరే డాక్టరు, వేరే బిల్లు. పంటికి అంటించే చిన్న ముక్కలు, అంటే బ్రాకెట్లు, ఊడితే కొన్నిటి వరకు ఉచితం, తర్వాత డబ్బులు. రిటైనర్ పోతే కొత్తది మన ఖర్చే. స్కూల్లో భోజనం చేస్తూ రిటైనర్‌ని టిష్యూలో చుట్టడం, ప్లేటుతో పాటు చెత్తబుట్టలో పడేయడం ఇక్కడ ఇంటింటి కథ. మా పిల్ల ఆ లైను తనే చదివి, "దీనికి నా పాకెట్ మనీ అడగవు కదమ్మా?" అంది. "అడుగుతాను" అన్నాను.

ఇన్సూరెన్స్ సంగతి. డెంటల్ ప్లాన్లో "ఆర్థో (పళ్ళు సరిచేసే చికిత్స) 50 శాతం" అని చూసి సగం వాళ్ళే కడతారనుకుంటాం. దాని పక్కనే లైఫ్‌టైమ్ మాక్సిమమ్ అని ఉంటుంది, అసలు అంకె అదే. మా ఆయన ప్లాన్లో అది 1,500. ఏటేటా వచ్చేది కాదు, పిల్ల జన్మకంతా అంతే. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఇద్దరి ప్లాన్లలోనూ పిల్ల పేరుంటే రెండోదాన్నీ అడగొచ్చు. కొన్ని ప్లాన్లు మొదటిది ఇచ్చింది చూపించి ఏమీ ఇవ్వవు, నా ప్లాన్ మాత్రం 1,000 ఇచ్చింది. ఏది మొదటిది అన్నదానికి బర్త్‌డే రూల్ ఒకటుంది: తల్లిదండ్రుల్లో క్యాలెండర్ ప్రకారం ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ళ ప్లాన్. సంవత్సరంతో పనిలేదు. మా ఆయన నిజానికి పుట్టింది కార్తీక మాసంలో. బళ్ళో మాస్టారు జూన్ ఒకటి అని రాసేశారు, పాస్‌పోర్టులోనూ అదే. నాది ఆగస్టు. అలా ఎప్పుడో మాస్టారు కలం విదిలించిన తేదీతో ఇక్కడ ఆయన ప్లానే మొదటిదయింది. ఈ కథ విని మా అమ్మాయి నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు.

ఈ రెండూ పోను మిగిలింది 3,700. చేర్చుకునేటప్పుడు 700, తర్వాత రెండేళ్ళు నెలకు 125, వడ్డీ లేదు. ఇదంతా ఎఫ్‌ఎస్‌ఏ నుంచి, అంటే వైద్య ఖర్చులకని ఆఫీసు ద్వారా జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా నుంచి కడుతున్నాం. ఆ ఖాతాలో వేసే జీతానికి పన్నుండదు. 2025లో ఒక్కొక్కరికి పరిమితి 3,300 డాలర్లు ఉండేది. మా స్లాబులో ఇన్‌కమ్ ట్యాక్స్ 22 శాతం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కలిపి 7.65. అంటే 3,700 మీద దాదాపు 1,100 మిగిలినట్టే. ఏ ఏటి డబ్బు ఆ ఏడే వాడుకోవాలి, లేకపోతే చాలావరకు పోతుంది. అందుకే నవంబరులో ఆఫీసు ఫారం నింపేటప్పుడే వచ్చే ఏడు ఎన్ని వాయిదాలు పడతాయో లెక్కేసుకోవాలి. వాయిదాల లెక్క మా పిల్లే వేసింది.

నాకు అసలు టెన్షన్ ఇంకోచోట ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ తన వాటా ఒకేసారి ఇవ్వదు, చికిత్స సాగినంత కాలం విడతలుగా ఇస్తుంది. ఉద్యోగం పోతే ఆ విడతలు ఆగిపోతాయి, మిగతాది మన నెత్తినే. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండడానికి సాధారణంగా 60 రోజులే గడువు. క్లిప్పులతో పిల్లను తీసుకుని వేరే ఊరికో, ఇండియాకో వెళ్ళాల్సొస్తే ఎంత తిరిగిస్తారు, ఫైలు ఇస్తారా అని సంతకానికి ముందే అడిగి రాయించుకున్నాం. అడగడానికి మొహమాటపడాల్సిన పనేమీ లేదు.

మా అమ్మ మాత్రం తెనాలి నుంచి ఫోన్లో, "ఇక్కడ నలభై వేలకు వేస్తారే, సెలవులకు పట్టుకొచ్చెయ్" అంది. నిజమే, అక్కడ చవకే. కానీ నెలకో రెణ్ణెల్లకో బిగించాలి, ఏడాదిన్నర, రెండేళ్ళు సాగుతుంది. అక్కడ మొదలుపెట్టింది ఇక్కడి డాక్టర్లు సగంలో అందుకోవడానికి ఇష్టపడరు, అందుకున్నా కొత్త కేసు రేటే. అది చెబితే ఆగింది. కాసేపటికి, "పళ్ళ మధ్య సందు అదృష్టం అంటారు కదా, మూయించడం దేనికి?" అంది. "పై పళ్ళు కింది చిగురుకు గుచ్చుకుంటున్నాయమ్మా" అన్నాను. ఎత్తుపళ్ళు, పెళ్ళిచూపులు అన్న మాట మాత్రం పిల్ల దగ్గర ఎత్తొద్దని గట్టిగానే చెప్పాను. దాని క్లాసులో సగం మందికి క్లిప్పులే. దానికి క్లిప్పుల మీద వేసే చిన్న రబ్బర్ల రంగు ఒక్కటే సమస్య.

ఆ రంగు సంగతి ఇక్కడి డాక్టరు చెప్పలేదు. తెల్లగా, పారదర్శకంగా ఉండే రబ్బర్లు వేయించుకుంటే రెండు పూటలు పప్పు, సాంబారు తినేసరికి పసుపు పట్టి ఎల్లో అయిపోతాయి. బ్రష్ ఎంత రుద్దినా పోదు. ముదురు రంగులు నయం. చేగోడీలు, పల్లీ చిక్కీ, చెరకు ముక్కలు రెండేళ్ళు బంద్. ఆవకాయ టెంక చీకడం కూడా. మొదటి బ్రాకెట్ ఊడింది దానివల్లే.

ఇక మా అబ్బాయి సంగతి. ఏడేళ్ళకల్లా ఒకసారి చూపించమని ఇక్కడి ఆర్థోడాంటిస్టుల సంఘమే చెబుతుంది, అందుకని తమ్ముణ్ణీ తీసుకెళ్ళాం. ఇప్పుడే మొదటి ఫేజ్ అని చిన్నతనంలో చేసే తొలివిడత చికిత్స మొదలుపెట్టిస్తే లైఫ్‌టైమ్ మాక్సిమమ్ దానికే ఖర్చయిపోతుంది, పదమూడో ఏట అసలు క్లిప్పులకు ఏమీ మిగలదు. అవసరమైతే వేరే సంగతి. డాక్టరమ్మ ప్రస్తుతానికి ఏమీ వద్దంది, ఏడాదికోసారి చూపించమంది. చూసినందుకు ఫీజు లేదు.